జైఫర్ట్ల నడవాలో నిద్రపోయే పసివాడు

దీపాలు పెట్టాక జైఫర్ట్ల ఇంటి మేడమీది నడవాలోకి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. వెళ్లక తప్పనివాళ్లు పరుగెత్తేవాళ్లు. పరుగెత్తలేనివాళ్లు — అంటే ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు — ఎడమచేత్తో గోడ తడుముకుంటూ, తల అటే తిప్పుకుని దాటేవాళ్లు. కుడివైపు గోడని మాత్రం ముట్టుకునేవాళ్లు కాదు. కుడివైపు బొమ్మ ఉండేది.

జర్మనీలో చెమ్నిట్స్ పట్నానికి ఇంకా రైలు రాని రోజులవి. కొండల కింద రోట్‌గ్రుండ్ అనే ఊళ్లో, వాగు ఒడ్డున, జైఫర్ట్లది నీలి అద్దకం ఇల్లు. నిజం చెప్పాలంటే ఆ ఇంటికి దెయ్యం అక్కర్లేదు, కంపే చాలు. నీలిమందు పులియడానికి తొట్లలో ఏం పోస్తారో తెలిసినవాడెవడూ ఆ గడపలో నిలబడి రొట్టె కొరకడు. ఊరందరి ఉచ్చా పీపాల్లో పట్టించి, పొద్దున్నే బండి మీద పోగేసుకొచ్చేవాళ్లు. ఆ బండి ఎదురైతే చర్చికి వెళ్లేవాళ్లు కూడా దేవుణ్ణి కాసేపు పక్కనపెట్టి ముక్కు పట్టుకునేవాళ్లు.

అద్దకపు యజమాని ట్రౌగోట్ జైఫర్ట్. మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా పోని నీలం. అతను ముట్టుకున్న తలుపులు, గిన్నెలు, చివరికి దిండుగలీబులు కూడా లేత నీలం తిరిగి ఉండేవి. మొదటి భార్య పురిట్లోనే పోతే, ఆమె కన్న పిల్లవాణ్ణి ట్రౌగోట్ తల్లి పెంచింది. పిల్లవాడి పేరు లోబెగోట్. దేవుణ్ణి పొగడమని అర్థం. పొగడటానికి ఆ దేవుడు వాడికి పెద్ద సమయమేం ఇవ్వలేదు.

ఊళ్లోకి ఒక చిత్రకారుడు వచ్చాడు. రంగుసుద్దల పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే ముష్లర్. తల్లి లేని పిల్లవాడి రూపం ఒకటి ఇంట్లో ఉండాలని నానమ్మ వేయించింది. మూడు రోజులు కూర్చుని వేశాడు. పిల్లవాడు ఆ మూడు రోజులూ హాయిగా నిద్రపోయాడు. మూడో రోజు సాయంత్రం బొమ్మ పూర్తయింది. ఆ సాయంత్రమే పిల్లవాడు పోయాడు.

అంతే. ఇక ఊరికి ఇంకేం కావాలి?

ఊపిరంతా బొమ్మే పీల్చేసిందన్నారు. పీల్చినది చాలక ఇంకా ఆకలిగా ఉందన్నారు. చీకటి పడ్డాక ఆ నడవాలో చప్పరింపు వినిపిస్తుందని ఒక పనిమనిషి చెప్పి పని మానేసింది. ఆ తర్వాత వచ్చినదీ మానేసింది.

ఆ ఇంటికి ట్రౌగోట్ రెండో పెళ్లాంగా వచ్చింది ఎర్నెస్టీన. పైన అడవి పల్లెలో మేకల మధ్య పెరిగిన మనిషి. వాసనలకీ, మరకలకీ మొహం చిట్లించే రకం కాదు. అద్దకపు తొట్ల పక్కన నిలబడి మొగుడితో సరసాలాడింది కూడా. కానీ వచ్చిన మొదటిరోజు ఆ నడవాలో బొమ్మని చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

బొమ్మ తప్పేం లేదు. చక్కగానే వేశాడు. దిండు మీద చెంప ఆనించి, లేసు టోపీ పెట్టుకుని, పెదవులు కొద్దిగా తెరిచి నిద్రపోతున్న పసివాడు. పెదవి పక్కన ఏదో తెల్లటి కొస — టోపీ రిబ్బను కాబోలు. కానీ గోడ చెమ్మకి అద్దం లోపల బూజు పట్టింది. చెంప మీద సన్నటి బూడిదరంగు నూగు. పసివాడికి గడ్డం మొలిచినట్టుంది. రంగుపొడి రాలకుండా ఆ బొమ్మల మీద వెన్న తీసిన పాలు చల్లుతారట, ఆ పాలే పులిసినట్టు దగ్గరికి వెళితే ముక్కిన వాసన. అద్దం బయట, సరిగ్గా నోటి దగ్గర, జిడ్డు. ఒక రోజుది కాదు, ఏళ్ల జిడ్డు, పొరలు పొరలుగా, పసుపుపచ్చగా.

ఎందుకంటే, ముసలమ్మ రోజూ రాత్రి ఆ నోటికి ముద్దు పెట్టి పడుకునేది. తుడవనిచ్చేది కాదు.

"ఒక్కసారి వేణ్ణీళ్లతో తుడుస్తాను అత్తయ్యా," అంది ఎర్నెస్టీన ఆ వారంలోనే.

"తుడిస్తే పోయేది మురికి ఒక్కటే అనుకుంటున్నావు," అంది ముసలమ్మ. "నా ముద్దులు కూడా పోతాయి."

ఎర్నెస్టీన గుడ్డ పిండి బకెట్లో పడేసి కిందికి దిగింది. ఆరోజు నుంచి ఆమె కూడా ఎడమగోడ పట్టుకునే నడిచింది.

మరుసటి ఏడు ఆమెకి ఆడపిల్ల పుట్టింది. లీన. పుట్టిన రోజు నుంచీ గొంతున్న పిల్ల. ఆకలేస్తే కింద తొట్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా తలలెత్తి చూసేవాళ్లు.

ఒక్క మాట మాత్రం ఎర్నెస్టీన మంచం మీదినుంచే గట్టిగా చెప్పింది. "నా పిల్లకి చీకుడు గుడ్డ పెట్టొద్దు అత్తయ్యా. మా చెల్లి ఆ గుడ్డ గొంతులో ఇరుక్కునే పోయింది. నేను చూశాను."

ఆ ఊళ్లో ఆ మాట అనడం అంటే, పిల్లకి బట్టలు తొడగొద్దు అన్నట్టే. నమిలిన రొట్టె ముద్ద గుడ్డలో కట్టి, దారంతో ముడేసి నోట్లో పెట్టని ఇల్లు అక్కడ లేదు. అయినా ముసలమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

"నీ పిల్ల, నీ ఇష్టం," అంది.

అత్తగారు అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఎర్నెస్టీన సంతోషించింది.

పడకగదుల్లో పొయ్యి ఉండదు కాబట్టి, చలి మొదలవగానే ఉయ్యాలని అత్తగారి వెచ్చని గదిలోకి మార్చారు. ఆ గది పొయ్యికి కట్టెలు వేసే నోరు నడవాలోనే, బొమ్మకి సరిగ్గా కింద ఉండేది. నడవాకి ఇటు మొగుడూ పెళ్లాలూ, అటు నానమ్మా మనవరాలూ. రాత్రి పిల్ల ఏడిస్తే ఎర్నెస్టీన లేచి వెళ్లి పాలిచ్చి వచ్చేది.

తర్వాత పిల్ల ఏడవడం మానేసింది.

మొదట అందరూ మెచ్చుకున్నారు. పాదిరిగారి భార్య చూసి, "ఎంత బుద్ధిమంతురాలు," అంది. రొట్టెలామె చూసి, "ఒక్క రాత్రికి మా ఇంటికి అరువివ్వకూడదూ, మా వెధవలకి నేర్పుతుంది," అంది. ట్రౌగోట్ పొంగిపోయి నీలి వేళ్లతో పిల్ల గడ్డం నిమిరాడు. పిల్ల కళ్లు సగం తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

ఎర్నెస్టీనకి మాత్రం రొమ్ములు రాళ్లయ్యేవి. తాగేవాళ్లు లేక పాలు చేపుకొచ్చి రవిక తడిసేది. తడిసిన గుడ్డ ఆరి, అట్టకట్టి, పులిసిన కంపు కొట్టేది. తన ఒంటి వాసనకి తనకే అసహ్యం వేసేది. పిల్ల నోటికి అందిస్తే రెండు గుక్కలు తాగి తల వేలాడేసేది. చెంపలు లోపలికి పోతున్నాయి. కళ్లు తెరిచినప్పుడు చూస్తే, గది చీకటిగా ఉన్నా కనుపాపలు ఆవగింజల్లా ఉంటున్నాయి.

"నాకేదో బాగోలేదనిపిస్తోందండీ," అంది మొగుడితో.

"పిల్ల ఏడిస్తే బాగోలేదంటారు, ఏడవకపోయినా బాగోలేదంటారు," అన్నాడు ట్రౌగోట్. "ఆడవాళ్ల లెక్క నాకెప్పుడూ అర్థం కాదు."

అప్పుడే ముసలమ్మ కబురు చెప్పింది. అటక మీదినుంచి గసగసాల కాయల దండలు దించి, క్రిస్మస్ రొట్టెల కోసం గింజలు దులుపుతోంది. ఖాళీ కాయలు కూడా పారెయ్యకుండా ఒడిలో పోగేసుకుంటోంది. ఆ ముసలమ్మ ఏదీ పారెయ్యదు.

"ముష్లర్‌గారు మళ్లీ ఈ వైపు వస్తున్నారు," అంది. "పండగలోపల పిల్ల బొమ్మ వేస్తారు. అన్న పక్కన చెల్లి. చూడముచ్చటగా ఉంటుంది."

ఎర్నెస్టీన చేతిలో గరిటె ఆగిపోయింది.

"వద్దు అత్తయ్యా."

"ఎందుకొద్దు? పిల్ల ఎంత చక్కగా నిద్రపోతోందో చూడు. అచ్చం వాడిలాగే."

ఆ మాట ఎర్నెస్టీన చెవుల్లో ఆ పగలంతా మోగుతూనే ఉంది. అచ్చం వాడిలాగే.

ఆ రాత్రి మంచు పడుతోంది. ట్రౌగోట్ గురక పెడుతున్నాడు. రొమ్ముల సలుపుకి నిద్రపట్టక ఎర్నెస్టీన లేచింది. పిల్లని బలవంతంగా లేపైనా పాలిద్దామనుకుంది. ఇంత నడవాకి కొవ్వొత్తి ఎందుకులే అనుకుని, చీకట్లోనే ఎడమగోడ పట్టుకుని బయల్దేరింది.

సగం దూరం వెళ్లింది.

చప్... చప్... చప్...

ఆగింది. తన ఊపిరే అనుకుంది. ఊపిరి బిగపట్టింది.

చప్... చప్...

తడి చప్పుడు. నెమ్మదిగా, తీరుబడిగా. పళ్లు లేని నోరు దేన్నో పట్టుకుని నములుతూ, చప్పరిస్తూ ఉన్న చప్పుడు. కుడివైపునుంచి. బొమ్మ ఉన్నచోటునుంచి. దాంతోపాటు ఒక వాసన — పులిసిన పాలు, నానిన రొట్టె, ఇంకేదో పచ్చి ఆకు ఉడికినట్టు.

చప్పుడు ఆగింది.

తర్వాత... గుటక. ఒకే ఒక్క గుటక.

ఎర్నెస్టీన మళ్లీ తన మంచం మీదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. తెల్లవార్లూ దుప్పట్లో మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. రొమ్ముల్లోంచి పాలు వాటంతట అవే కారి పరుపు తడిసింది.

పొద్దున్నే వెళ్లి చూసింది. అద్దం మీద, పసివాడి నోటిచోట, తెల్లటి పిండిలాంటి తడి. ఇంకా పూర్తిగా ఆరలేదు. కిందికి ఒక ధార కారి చట్రం అంచు మీద పేరుకుంది. పాలు తాగిన పిల్లవాడి గడ్డం మీద కారిన సొంగలాగే ఉంది. వేలితో ముట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే, పరుగెత్తుకెళ్లి మెట్ల కింద బకెట్లో కక్కుకుంది.

పనిమనిషి రోజీన అక్కడే బూట్లకి మైనం రాస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"చూశారా అమ్మగారూ?"

"నువ్వూ చూశావా?"

"నేనెందుకు చూస్తాను. నేను మీలా ధైర్యవంతురాల్ని కాదు." రోజీన గొంతు తగ్గించింది. "మా పెద్దమ్మ చెప్పేది. పాలకి మొహం వాచి పోయినవాళ్లు పాలున్న ఇల్లు వదలరట. మీ పాలు ఆ పిల్ల తాగట్లేదు కదా. మరి ఎక్కడికి పోతున్నట్టు?"

"నోరు మూసుకో."

"మూసుకుంటాను. ఆ పైనున్నవాణ్ణి మూయమనండి చూద్దాం."

ఎర్నెస్టీన మొగుడి దగ్గరికి వెళ్లింది. ట్రౌగోట్ తొట్టిలోంచి గుడ్డ పైకి లాగుతున్నాడు. బయటికొచ్చేటప్పుడు పచ్చగా ఉండే గుడ్డ గాలి తగలగానే నీలమవుతుంది. రోజూ చూసేదే అయినా అతను దాన్నే చూస్తూ విన్నాడు.

"ఎలకలు," అన్నాడు.

"ఎలకలు గుటకలేస్తాయా?"

"మా ఇంటి ఎలకలు ఏమైనా చేస్తాయి," అని నవ్వాడు.

"ఆ బొమ్మ తీసెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను నవ్వడం మానేశాడు. "చూడు ఎర్నా. వాడు నా కొడుకు. నాకూ వాడి మొహం గుర్తులేదు, ఆ బొమ్మే గుర్తు. మా అమ్మ దానికి ముద్దు పెట్టకుండా ఒక్క రాత్రి పడుకోలేదు. అది తీస్తే ఆవిడ బతకదు."

"అది ఉంటే నా పిల్ల బతకదు."

ట్రౌగోట్ గుడ్డ మళ్లీ ముంచాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ముష్లర్ వస్తాడని కబురొచ్చింది. ఆ సాయంత్రం ఎర్నెస్టీన పిల్లని ఒళ్లో వేసుకుని అరికాలు గిల్లింది. ఇంకాస్త గట్టిగా గిల్లింది. పిల్ల మొహం ఏడుపుకి సిద్ధమైనట్టు ముడుచుకుని, దారిలోనే మరిచిపోయినట్టు మళ్లీ సాఫీగా అయిపోయింది. ఎర్నెస్టీనకి ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. చచ్చినవాడు, వాడెవడైతే మాత్రం, మొగుడి మొదటి పెళ్లాం కొడుకైతే మాత్రం — తన పిల్లని పీల్చుకు తింటుంటే చూస్తూ కూర్చోవడానికి ఆమె మనసొప్పలేదు. బొమ్మని గోడనుంచి పీకి, తీసుకెళ్లి కింద ఉచ్చతొట్టిలో ముంచేద్దామని నిశ్చయించుకుంది. దానికి అదే తగిన చోటు.

అందరూ పడుకున్నాక లేచింది. ఈసారి ఎడమగోడ పట్టుకోలేదు. జన్మలో మొదటిసారి కుడిగోడ మీద చెయ్యి వేసి, తడుముకుంటూ నడిచింది. గోడ చెమ్మగా, జిగటగా ఉంది. పొయ్యి దగ్గరికొచ్చేసరికి కాస్త వెచ్చబడింది.

చప్... చప్...

ఉంది. ఇక్కడే ఉంది. జానెడు దూరంలో.

ఆగితే మళ్లీ అడుగు పడదని ఆమెకి తెలుసు. పళ్లు బిగించి, రెండు చేతులూ ఒక్కసారిగా బొమ్మ మీదికి చాచింది.

చేతికి అద్దం తగల్లేదు.

మెత్తగా, వెచ్చగా, తడిగా ఏదో తగిలింది. వేళ్లు లోపలికి జారాయి. జారుడుగా పళ్లు లేని చిగుళ్లు... వాటి మధ్య నానిన ముద్ద... ఆ చిగుళ్లు ఆమె వేళ్ల మీద మూసుకున్నాయి.

చెయ్యి లాక్కుని వెనక్కి పడింది. పడుతూ పొయ్యి తలుపుని తన్నింది. తలుపు తెరుచుకుని నిప్పుల వెలుగు నడవాలోకి ఎర్రగా పాకింది.

కట్టెలపెట్టె మీద ఎక్కి నిలబడి ఉంది అత్తగారు. రాత్రి టోపీ కింద నెరిసిన జడ. గడ్డం మీదినుంచి రొట్టెపిండి కారుతోంది. ఒక చేతిలో తెల్లటి గుడ్డముక్క, రెండో చేతిలో దారం.

"అరవకు," అంది ముసలమ్మ నోటి నిండా ముద్దతో. "పిల్ల లేస్తుంది."

ఎర్నెస్టీన తన వేళ్లు గౌనుకి తుడుచుకుంటూనే ఉంది. ఎంత తుడిచినా ఆ తడి పోలేదు.

"మీరా... ఇన్నాళ్లూ మీరేనా?"

"పళ్లు లేవు కదమ్మా నాకు. నమలడానికి చాలాసేపు పడుతుంది." ముసలమ్మ ముద్దని అరచేతిలోకి ఉమ్మి, గుడ్డలో పెట్టి, అలవాటైన వేళ్లతో ముడేసింది. నిప్పుల పక్కన ఉన్న చిన్న గిన్నెలో ముంచింది. "నువ్వు వద్దన్నావని చాటుగా చేస్తున్నా. ఎవరితో తగాదా ఎందుకు?" తడి ముడిని బొమ్మలోని పసివాడి నోటికి ఆనించి, కాసేపు అలాగే పట్టుకుంది. అద్దం మీదినుంచి సొంగ కారింది. "ముందు అన్నకి. తర్వాత చెల్లికి."

"ఆ గిన్నెలో ఏముంది?"

"ఏముంటుంది, పాలు. కాయలు వేసి మరిగించినవి. గసగసాల కాయలు. మా అమ్మ నాకూ ఇదే పెట్టింది." ముసలమ్మ కొద్దిగా నవ్వింది. "రేపు ముష్లర్‌గారొస్తారు కదా. పిల్ల కదలకుండా ఉండాలని ఇవాళ కొంచెం చిక్కగా కాచాను. ఇందాకొకటి పెట్టాను, అది అయిపోయి ఉంటుంది."

నల్లమందు కారేది ఆ కాయల్లోంచే. దెయ్యమైతే బాగుండేదని ఎర్నెస్టీనకి అనిపించింది. నిజంగా అనిపించింది.

గదిలోకి పరుగెత్తింది. ఉయ్యాలలో పిల్ల నోటి పక్కన తెల్లటి ముడి. పట్టుకుని లాగితే, నాని సాగిన గుడ్డ, దాని వెనక జిగురు తీగ, పుల్లటి కంపు. పిల్ల పెదవులు నీలంగా ఉన్నాయి. ఆ ఇంట్లో అన్నీ నీలమే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

"ట్రౌగోట్!"

ఆ ఇంట్లో ఆమె మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం అదే మొదలు. అతను కాళ్లకి జోళ్లు లేకుండా వచ్చాడు. గుడ్డ చూశాడు, గిన్నె చూశాడు, తల్లిని చూశాడు. కిందికి పరుగెత్తి కాఫీ మసలబెట్టాడు.

ఆ రాత్రంతా వాళ్లు పిల్లని పడుకోనివ్వలేదు. మంచు తెచ్చి అరికాళ్లకి రాశారు. చెంచాతో నల్లటి కాఫీ చుక్కలు చుక్కలుగా పోశారు. ఊపిరి ఆగినట్టు ఉన్నప్పుడల్లా ఎర్నెస్టీన పిల్లని బోర్లా తిప్పి వీపు మీద చరిచేది, తర్వాత ఎత్తుకుని గది అంతా తిరిగేది. ట్రౌగోట్ నీలిచేతుల్లో గిన్నె పట్టుకుని వెంటే నడిచాడు. ముసలమ్మ మంచం అంచున కూర్చుని చూస్తూ ఉంది.

"నిద్రే కదా ఇచ్చాను," అంటూ ఉంది మధ్యమధ్యలో. "మంచి నిద్రే కదా."

ట్రౌగోట్ ఇంకో దోసెడు మంచు తెచ్చాడు.

ఉచ్చబండి చక్రాల చప్పుడు వినిపించే వేళకి లీన కళ్లు తెరిచింది. మొహం ముడుచుకుంది. ఈసారి దారిలో మరిచిపోలేదు. ఎంత గట్టిగా ఏడ్చిందంటే, కింద తలుపు తీస్తున్న రోజీన చీపురు పారేసి వీధిలోకి పారిపోయింది. బొమ్మే అరుస్తోందనుకుందట.

మధ్యాహ్నానికి ఎర్నెస్టీన బొమ్మని దించి వంటింటి బల్ల మీద పెట్టింది. పిల్ల చంకలో ఏడుస్తూనే ఉంది. ఏడ్చి, తాగి, మళ్లీ ఏడుస్తోంది. ఒక చేత్తోనే ఎర్నెస్టీన వెనిగరూ వేణ్ణీళ్లూ పోసి అద్దం తోమింది. జిడ్డు పెచ్చులు పెచ్చులుగా లేచింది, గోరుకింద ఇరుక్కుంది. ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. ముద్దులు పోతున్నాయని ఈసారి అనలేదు.

నోటి దగ్గర తేటపడింది.

పెదవి పక్కన ఉన్నది రిబ్బను కాదు. దారంతో ముడేసిన గుడ్డ. దారం చుట్లు కూడా కనబడుతున్నాయి. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది, అందరి కళ్లముందూ, ముసలమ్మ ముద్దుల కింద.

తలుపు తట్టి లోపలికొచ్చాడు ముష్లర్. బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు. చొక్కా అంచులకి గులాబీరంగు పొడి. పెట్టె దించి, బల్ల మీది రొట్టెలోంచి మెత్తటి భాగం గిల్లి వేళ్లమధ్య నలుపుతూ ఉండ చేసుకున్నాడు. రంగు చెరపడానికి వాళ్లు అదే వాడతారు. ఎర్నెస్టీన ఆ వేళ్లనించి చూపు తిప్పుకుంది.

"ఆహా, మన పెద్దమనిషి. ఇంకా చెక్కుచెదరలేదు," అన్నాడు బొమ్మ మీదికి వంగి. "నేను ఉన్నది ఉన్నట్టే వేస్తానమ్మా. ముడితో సహా. అంత కదలకుండా పడుకున్న పిల్లవాడు నాకు మళ్లీ దొరకలేదు. మొదటిరోజు ఊపిరికి దుప్పటి కాస్త కదిలేది. రెండోరోజు అదీ తక్కువే. మూడోరోజు మధ్యాహ్నం నుంచైతే... చాలా సుఖంగా సాగింది పని."

ఎర్నెస్టీన చేతిలో గుడ్డ ఆగింది. "మధ్యాహ్నం నుంచా? వాడు పోయింది సాయంత్రం కదా?"

"సాయంత్రం మీవాళ్లు చూశారు," అన్నాడు ముష్లర్.

ఎర్నెస్టీన పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మధ్యాహ్నం..." ముసలమ్మ లేచి నిలబడింది. "మధ్యాహ్నం నేను ఇంకోటి పెట్టాను. మీరే పిలిచారు కదా. కొత్తది తెమ్మన్నారు. వాడు లేచేట్టున్నాడేమో అనుకుని... నేనే నమిలి, నేనే నోట్లో..."

"పాతది రంగు మారిపోయిందమ్మా. మట్టిరంగుకి తిరిగింది. పెదవి పక్కన నాకు తెలుపు కావాలి." ముష్లర్ ఉండని ఇంకా నలుపుతూనే ఉన్నాడు. "అప్పటికి వెయ్యాల్సింది నోరొక్కటే మిగిలింది. పోయాడని ముందే చెప్తే మీరంతా ఏడ్చి గోల చేస్తారు, ఈలోపల వెలుతురు పోతుంది. బొమ్మైనా మిగలాలి కదా మీకు."

ట్రౌగోట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. నీలి పిడికిళ్లు తలుపుచెక్కకి ఆనించి, బల్ల మీదున్న కొడుకు మొహాన్నే చూస్తున్నాడు.

ముష్లర్ పెట్టె తెరిచాడు. సుద్దలు వరసగా, మెత్తగా, పసిపిల్లల ఒంటిరంగుల్లో. ఎర్నెస్టీన చంకలో ఉన్న పిల్లని చూసి మొహం చిట్లించాడు.

"ఈవిడ ఇలా ఏడుస్తుంటే ఎలాగమ్మా?" అన్నాడు ముసలమ్మ వైపు తిరిగి, పాత పరిచయం కొద్దీ. "మీకు తెలుసుగా పద్ధతి."

ముసలమ్మ చెయ్యి అలవాటుగా ఏప్రన్ జేబులోకి వెళ్లింది. అందరూ చూశారు. ఆ చెయ్యి జేబులో చాలాసేపు ఉండిపోయింది. లోపల దేన్నో పిసుకుతున్నట్టు గుడ్డ కదిలింది.

తర్వాత ఖాళీగా బయటికొచ్చింది.

"ఏడవనీ," అంది.